తెర లేవకముందు

పోర్టుబ్లెయిరు నగరమునకు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురమను పేరు వచ్చినది. పేరు మారినను సూర్యుని వేళ మారలేదు. దేశమంతటికి గడియారమొక్కటే, దీవులు మాత్రము తూర్పున బహుదూరముగా నున్నవి. అందువలన డిసెంబరు మాసములో సాయంకాలము అయిదు గంటల ప్రాంతముననే అచట చీకటి పడును. కార్యాలయము వదలి గుమాస్తా వీధిలోనికి వచ్చునప్పటికి రాత్రియే. ఆ చీకటిలో పాఠశాల గదియో, సంఘ భవనపు వసారాయో చూచుకొని పదిమంది చేరుదురు. ఇద్దరు రాలేదని తెలియును. రానివారి మాటలను వేరొకరు చదువుచుండగా రిహార్సలు మొదలగును.

ప్రేక్షకుడు చూచునది రెండు గంటల ఆట. దాని వెనుక రెండు నెలల అలుకలు, అప్పులు, బ్రతిమాలుకొనుటలు కలవు. ఆహ్వానపత్రికలో వేషధారుల పేర్లుండును, రచయిత పేరుండును, అధ్యక్షత వహించు పెద్దల పేర్లు అన్నిటికంటె పెద్ద అక్షరములలో నుండును. తెర లాగినవాని పేరు, వింగులో నిలువుకాళ్ళమీద నిలిచి మాటలందించినవాని పేరు, అద్దెకు తెచ్చిన కిరీటము విరిగినందుకు తన జేబునుండి డబ్బిచ్చినవాని పేరు కానరావు. నాటక చరిత్రలు వ్రాసిన పెద్దలు సైతము కవులను, నటులను స్మరించిరి గాని వీరిని అంతగా పట్టించుకొనలేదు. అయినను ఆ చరిత్రనే తెర వెనుకనుండి చూచినచో ఒక విషయము స్పష్టమగును. తెలుగు ఔత్సాహిక నాటకరంగములో వచ్చిన పెద్ద మలుపులు పెక్కు ఏదో యొక లోటునుండి పుట్టినవే.

మొదటి లోటు ఆడుటకు చోటు. 1880లో ధార్వాడ నాటక సమాజమువారు కోస్తా పట్టణములలో నాటకములాడుచు రాజమహేంద్రవరమునకు వచ్చిరి. వారు వెడలిపోయిన పిమ్మట వారి పాక మిగిలినది. కందుకూరి వీరేశలింగము పంతులుగారు ఆ పాకలో తమ విద్యార్థులచేత నాటకములాడించిరి. న్యాయస్థానపు వ్యవహారములను ఎత్తిపొడిచిన ‘వ్యవహార ధర్మబోధిని’యు, షేక్స్పియరు హాస్యనాటకము ననుసరించిన ‘చమత్కార రత్నావళి’యు ఆ రోజులవే. తెలుగు నాటకము తొలి అడుగు ఇతరులు విడిచిపోయిన పాకలో వేసినదనుటకు సిగ్గుపడ నక్కరలేదు. దసరా పందిరి విప్పకముందే దానిలో నాటకము కూడ వేసికొందమని కాంట్రాక్టరును బ్రతిమాలు సంఘములు నేటికిని కలవు.

రెండవ లోటు ఆడుటకు తగిన రచన. ఒంగోలులో ఉపాధ్యాయుడుగా నుండిన ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారికి నాటకమనగా ప్రాణము. వారు రాజమహేంద్రవరమునకు పోవుచు, చదువు చెప్పించుటకును వేషము వేయించుటకును ఒక పేద బాలుని వెంటబెట్టుకొని పోయిరి. స్త్రీ వేషములలో పేరు తెచ్చుకొనిన ఆ బాలుడే టంగుటూరి ప్రకాశము. 1953లో ఆంధ్ర రాష్ట్రమునకు ప్రథమ ముఖ్యమంత్రి. నాయుడుగారి సమాజమునకు నాటకములు కావలసివచ్చినవి. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు వ్రాసి యిచ్చిరి. ‘కీచక వధ’, ‘గయోపాఖ్యానము’ ఇట్లు పుట్టినవే. ‘గయోపాఖ్యానము’ లక్షకు పైగా ప్రతులు చెల్లినదని ప్రసిద్ధి. కవికి కీర్తి వచ్చినది, గ్రంథము నిలిచినది. రిహార్సలుకు వేళ దాటుచున్నది, తరువాతి రంగము ఎక్కడనని కవిని తొందరపెట్టిన ఉపాధ్యాయుని పేరు నేడు ఎందరికి తెలియును?

అదే కాలమున బళ్ళారిలో ఇద్దరు న్యాయవాదులు వేర్వేరు సభలు నడిపిరి. ధర్మవరము రామకృష్ణమాచార్యులవారిది 1886లో పుట్టిన సరస వినోదినీ సభ. కోలాచలము శ్రీనివాసరావుగారిది సుమనోరమ సభ. పగలు కోర్టు, రాత్రి రంగస్థలము. గౌరవస్థులు ముఖమునకు రంగు పూసికొనుట తగదని లోకము చెప్పుకొను దినములవి. 1891లో బళ్ళారివారు మద్రాసునకు పోయి ఆడిరి. ఆ ప్రదర్శనలు చూచిన పమ్మల్ సంబంధ మొదలియారు అను యువకునకు కలిగిన ఆశ్చర్యము నాటకమును గూర్చి మాత్రమే కాదు. చదువుకొన్నవారు, వృత్తిలో నున్నవారు వేషము కట్టుచున్నారే యని. అదే సంవత్సరము ఆయన సుగుణ విలాస సభను స్థాపించిరి. తమిళ ఔత్సాహిక నాటకము అచట వ్రేళ్ళూనినది. దీవులలో తెలుగు సంఘము, తమిళ సంఘము నేడు ఒకదానినొకటి చూచి పోటీగా కార్యక్రమములు జరుపుకొనునప్పుడు ఈ పాత బాకీని గుర్తుచేసికొనుట తప్పు కాదు.

ఇక మూడవ లోటు. ఔత్సాహిక సమాజములను అన్నిటికంటె ఎక్కువ కాలము వేధించినది ఇదియే. స్త్రీ వేషమునకు మనిషి దొరకకుండుట.

కడప జిల్లా సురభి గ్రామమున 1885లో ఆరంభమైన సురభి సమాజములో కుటుంబములు కుటుంబములుగా నాటకమాడుదురు గనుక వారికి ఈ చిక్కు లేదు. వారి స్త్రీలే స్త్రీ పాత్రలు ధరించిరి. కాని అది వారికి జీవనము. ఉద్యోగులు, న్యాయవాదులు, ఉపాధ్యాయులు నడిపిన సభలలో ఏ యింటి ఇల్లాలును రంగమెక్కలేదు. కావున మీసము రాని కుర్రవానిని వెదకుట, వానికి నడక నేర్పుట, వాని గొంతు మారకముందే నాలుగు ప్రదర్శనలు పూర్తిచేసికొనుట, గొంతు మారినపిమ్మట మరల వెదకుట. ఇదియే కార్యదర్శి యుద్యోగము.

1921లో బాపట్లలో హరిశ్చంద్ర నాటకము ఆడవలసియుండగా చంద్రమతి వేషధారి రాలేదు. తెర వెనుక ఎంత కలవరము చెలరేగియుండునో నాటకమాడినవారికి చెప్పనక్కరలేదు. ఆ వేషము నేను వేయుదునని ఒక యువకుడు ముందుకు వచ్చెను. ఆయనయే స్థానం నరసింహారావుగారు. తెనాలి రామ విలాస సభలో చేరి సత్యభామగా, రోషనారగా, చిత్రాంగిగా, మధురవాణిగా తెలుగు దేశమును ఆకట్టుకొని, 1956లో పద్మశ్రీ బిరుదము నందుకొనిరి. ఆనాటి చంద్రమతి వేళకు వచ్చియున్నచో ఏమగునో యెవరు చెప్పగలరు? రాని నటుని తిట్టుకొనని సమాజము లేదు. ఈ యొక్క సందర్భములో మాత్రము ఆ గైరుహాజరీకి తెలుగువారు ఋణపడియున్నారు.

స్థానమువారి కళను ఎంత మెచ్చినను, పురుషుడు స్త్రీ వేషము ధరించుట సరికాదని బళ్ళారి రాఘవగారు పట్టుబట్టిరి. వారు ధర్మవరము వారి మేనల్లుడు, వృత్తిచే న్యాయవాది. రాజమన్నారుగారి ‘తప్పెవరిది?’ నాటకములో కొమ్మూరి పద్మావతీదేవిగారు వారితో కలిసి నటించిరి. చదువుకొన్న కుటుంబ స్త్రీ వేదిక ఎక్కినందుకు ఆనాడు ఎన్ని మాటలు పడవలసివచ్చినదో ఊహింపవచ్చును. మార్గము తెరచిరి గాని ఆ మార్గమున నడచినవారు చిరకాలము కొద్దిమందియే. 1950 తరువాత కూడ చాల ఊళ్ళలో జరిగినదేమనగా, పొరుగు పట్టణమునుండి నటీమణిని పారితోషికమునకు రప్పించుట. ఆమె ప్రదర్శనకు ముందురోజునో, ఆ ఉదయముననో దిగును. రెండు నెలలు ఆమె మాటలను చదివినవాడు ఒక గుమాస్తా. నాయకుడు ఆ గుమాస్తా మీసముల వైపు చూచుచు ప్రణయ వాక్యములు అభ్యసించియుండును. తీరా వేదికపై నిజమైన నాయిక నిలువగా అతనికి మాట తడబడుట వింత కాదు. ఆమె కష్టమును గూర్చి మాత్రము ఆనాడు ఆలోచించినవారు తక్కువ. తెలియని ఊరు, తెలియని మనుష్యులు, ఒక్క రిహార్సలు, తెల్లవారగానే తిరుగు బండి. సమాజముల లెక్కపుస్తకములలో ఆమె పేరు ఖర్చుల పద్దులో కనిపించును.

ఈ చిక్కునుండియే మరియొక తరహా రచన పుట్టినది. స్త్రీ పాత్రలు లేని నాటికలు, ఒకే రంగాలంకరణతో గంటలో ముగియు ఏకాంకికలు కార్యాలయములకు, కళాశాలలకు కావలసివచ్చినవి. రచయితలు వ్రాసి యిచ్చిరి. 1929లో తెనాలిలో సురభి వనారస గోవిందరావుగారి పూనికతో ఏర్పడిన ఆంధ్ర నాటక కళా పరిషత్తు, ఆ తరువాత వెలసిన ఇతర పరిషత్తులు నడిపిన పోటీలు ఈ మార్పును మరింత వేగిరపరచినవి. పద్యమునకు ‘వన్స్ మోర్’ అని కేకలు వేసి తెల్లవారువరకు కూర్చుండు ప్రేక్షకుడు ఒక వంక, గడియారము చూచుకొను న్యాయనిర్ణేత మరొక వంక. గెలిచినది గడియారము. అందువలన సాంఘిక నాటకము చిక్కనైనది నిజమే. కాని హార్మోనియమును, పద్యమును ఉద్యోగుల సంఘములు అంత త్వరగా వదలుకొనవలసినది కాదు.

ఆ సాంఘిక నాటకములలో ఉద్యోగికి ప్రత్యేకముగా తనదైనది ఆత్రేయగారి ‘ఎన్.జి.ఓ.’. స్వాతంత్ర్యము వచ్చిన తొలి సంవత్సరములలో రచింపబడి ఊరూర ఆడబడినది. 1953లో ‘గుమస్తా’ యను చలనచిత్రమునకు ఆధారమైనది. అంతవరకు వేదికపై రాజు, లేదా రాజును ధిక్కరించు వీరుడు. గుమాస్తా ఉండవలసిన చోటు తెర వెనుకనో, టిక్కెట్ల బల్లయొద్దనో. ఆత్రేయగారు అతనిని వేదిక నడుమ నిలిపిరి. నెల మొదటివారము దాటగానే ఖాళీయగు జేబు, ఇంటి అద్దె, జబ్బు మనిషి, పైయధికారి కోపము. వేషము వేయువానికి దుస్తులు అద్దెకు తెచ్చుకొను పని లేకపోయెను; ఆఫీసుకు వేసికొనిపోవు చొక్కాయే చాలును.

ప్రభుత్వోద్యోగి ఎంత దూరము పోగలడో చూపినవారు జె.వి. సోమయాజులుగారు. శ్రీకాకుళము జిల్లా లుకలాము అగ్రహారము వారిది. రెవిన్యూ శాఖలో డెప్యూటీ కలెక్టరు వరకు పనిచేసిరి. తమ్ముడు రమణమూర్తిగారితో కలిసి 1950 దశకమునుండి గురజాడవారి ‘కన్యాశుల్కము’ను విడువక ఆడిరి, అన్నగారు రామప్ప పంతులు, తమ్ముడు గిరీశము. 1892లో విజయనగరమున తొలిసారి ప్రదర్శితమైన ఆ నాటకమును ఉన్నదున్నట్లు ఆడినచో ఒక రాత్రి చాలదు. దేనిని కోయవలెను, ఏ పాత్రను ఉంచవలెను అనునది తెర వెనుక ప్రతి సమాజమునకు ఒక యుద్ధము. కోతపడిన వేషధారి అలుక మరియొక యుద్ధము. 1980లో ‘శంకరాభరణము’ వచ్చినపుడు లోకము సోమయాజులుగారిని కొత్త నటుడనుకొనినది. ఆయన వెనుక ఎన్ని సెలవు చీటీలు, ఎన్ని రాత్రి బండ్లు కలవో విజయనగరము వారికి తెలియును.

సెలవు చీటీ మాట వచ్చినది గనుక నిబంధనల మాటయు చెప్పవలెను. కేంద్ర ప్రభుత్వోద్యోగుల 1964 నాటి ప్రవర్తనా నియమావళిలో రెండు నియమములు నాటక సంఘమునకు సంబంధించినవి. పదునైదవ నియమము సాహిత్య, కళా సంబంధమైన పనిని అప్పుడప్పుడు, విధులకు భంగము రాకుండ, ముందు అనుమతి లేకయే చేయనిచ్చును. పండ్రెండవ నియమము అనుమతి లేకుండ విరాళములు వసూలు చేయరాదనును. అనగా నటించుటకు అడ్డు లేదు. నటించుటకు కావలసిన డబ్బు అడుగుటకు కలదు. దీనికి తోడు 1957 నాటి కాపీరైటు చట్టము. ఔత్సాహిక సంఘము టిక్కెట్టు పెట్టక ఉచితముగా ఆడినచో రచయిత అనుమతి లేకున్నను ఉల్లంఘన కాదు; టిక్కెట్టు పెట్టినచో ఆ వెసులుబాటు పోవును. బ్రిటిషు వారు 1876లో తెచ్చిన నాటక ప్రదర్శనల చట్టము సయితము 2018లో రద్దగువరకు పుస్తకములలో నుండినది. ఇన్ని దారులు మూసికొనగా ఉద్యోగుల నాటకము ఉచిత ప్రదర్శనగా స్థిరపడినది. ఖర్చు భరించునది సభ్యత్వపు రుసుము, అనుమతి పొందిన చందా, ఇటువంటి ప్రత్యేక సంచికలలో వర్తకులిచ్చు ప్రకటన. సంచికలో చివరి పుటల ప్రకటనలను ఎవరును చదువరు. తెర, దీపములు, అద్దె కిరీటములు మాత్రము చాలవరకు వాని పుణ్యమే. రచయితకు మాత్రము తరచుగా ఒక శాలువయు దక్కదు.

ఈ సామగ్రినంతటిని మనస్సులో మోసికొనియే తెలుగువారు సముద్రము దాటిరి. మొదట దాటినవారు కోరి రాలేదు. 1858లో శిక్షాస్థలముగా నెలకొన్న దీవులకు తరువాతి కాలమున మన్యపు పితూరీదారులను పంపిరి. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాము మల్లుదొరగారు అండమానులో ఏండ్లకొలది శిక్ష అనుభవించి, 1952లో లోక్‌సభకు ఎన్నికైరి. స్వాతంత్ర్యానంతరము శ్రీకాకుళము, విశాఖ ప్రాంతములనుండి జాలరులు, కూలీలు, వర్తకులు, వారితోపాటు ఉద్యోగులు వచ్చిరి. 2011 జనాభా లెక్కల ప్రకారము దీవుల జనాభాలో సుమారు 13 శాతమునకు తెలుగు మాతృభాష.

ఈ తెలుగు ప్రేక్షకులు ఒక్క తీరువారు కారు. జాలరి వాడనుండి వచ్చిన వృద్ధునకు తూర్పు భాగవతము, తప్పెటగుళ్ళు తెలియును. ఉద్యోగికి పరిషత్తు నాటిక తెలియును. మధ్యతరగతి ఇంటి వేదనను మెల్లని గొంతుతో చెప్పు నాటికకు వెనుక వరుసవారు లేచిపోయినచో నిర్వాహకులు వారి అభిరుచిని నిందింతురు. వారి ఆటను ఒక్కసారియైన ఆ వేదికపైకి పిలిచితిమా యని ప్రశ్నించుకొనుట అరుదు.

ప్రధాన భూమిపై సమాజమును వేధించిన లోట్లన్నియు దీవులలో రెట్టింపగును. విశాఖపట్టణము ఇంచుమించు 1,200 కిలోమీటర్ల దూరము. ఓడలో రెండున్నర రోజుల ప్రయాణము, ఆ ఓడయు నెలకొక్కసారి. హడ్డో రేవునకు ఓడ రావలసిన తేదీ సముద్రము చేతిలో నుండును. కావున నటీమణిని ముందురోజు రప్పించు పద్ధతి ఇచట చెల్లదు. విమానము కలదు గాని దాని వెల సంఘపు నిధికి మించినది. ఈ యిబ్బంది ఒక మేలు చేసినదనవలెను: ఇంటి స్త్రీలే వేషము వేయవలసివచ్చును. రాఘవగారు వాదించి సాధింపవలసివచ్చిన దానిని సముద్రము వాదము లేకుండ సాధించును. అయితే రిహార్సలునుండి వచ్చి పొయ్యి ముట్టించవలసినది గూడ ఆ యిల్లాలే. నాయకుని వేషము వేసినవాడు ఇంటికి పోయి అన్నము వడ్డించుమనును.

వర్షము మరియొక పరీక్ష. ఏడాదికి సుమారు మూడు వేల మిల్లీమీటర్లు. నైరృతి ఋతుపవనము పోవునంతలో ఈశాన్య ఋతుపవనము వచ్చును. ఆరుబయట నాటకము వేయదలచినచో జనవరినుండి ఏప్రిలు వరకే ధైర్యము. ఉగాది ఆ గడువులో పడుట తెలుగువారి అదృష్టము. దసరాకు వేయదలచినవారు రేకుల కప్పు క్రింద వేయవలెను. వాన కురియగా రేకుల మ్రోతలో ఎంతటి గొంతైనను వినబడదు. పాదరసమువంటి సంభాషణలు వ్రాసిన రచయిత ఈ రేకులను ఊహించియుండడు.

అన్నిటికంటె లోతైన గాయము బదిలీ. ప్రధాన భూమినుండి వచ్చు కేంద్రోద్యోగులకు పదేండ్ల లోపు సర్వీసున్నచో మూడేండ్లు, మించినచో రెండేండ్లు అను గడువును 1983 డిసెంబరునాటి ఉత్తర్వు ఈశాన్య ప్రాంతమునకు నిర్ణయించినది. తరువాత అది దీవులకును వర్తించినది. కుటుంబమునకు అది ఊరట. నాటక సమాజమునకు మాత్రము ప్రతి మూడేండ్లకు ఒక హరిశ్చంద్రుడు, ఒక గిరీశము ఓడ యెక్కిపోవుటయే. మొదటి యేడు ముఖపరిచయము, రెండవ యేడు చిన్న వేషము, మూడవ యేడు నాయకుడు, ఆపైన వీడ్కోలు సభ. తెర, పెట్టెలు, పాత వ్రాతప్రతులు ఎవరి వాటాకు వచ్చును? దీవులలోనే స్థిరపడిన కుటుంబమునకు. స్థానికుడైన ఏ బడిపంతులో, వర్తకుడో ఆ పెట్టెను ఏండ్లతరబడి తన యింటి అటకమీద చెమ్మనుండియు చెదలనుండియు కాపాడును. వేషము వేయుటకు అతనిని పిలిచినవారు తక్కువ. సమాజము నిలుచుట మాత్రము ఆ యటకమీదనే.

కొత్త తరమునకు వచ్చినప్పుడు చిక్కు వేరు రూపము దాల్చును. దీవులలో ప్రభుత్వ పాఠశాలలు కొన్నిట తెలుగు మాధ్యమము కలదు. అయినను బెంగాలీ, తమిళ, మలయాళ, నికోబారీ బాలురు కలిసి ఆడుకొను చోట వాడుక భాష హిందీయే. ఇంట తెలుగు మాటలాడి, బడిలో హిందీయో ఆంగ్లమో చదువుకొనిన పిల్లకు వేషమిచ్చినచో మాటలు నోటికి వచ్చును గాని అక్షరములు రావు. తండ్రి వ్రాతప్రతి చదువుచుండగా ఆమె తన సంభాషణలను నాగరి లిపిలో వ్రాసికొనును. హిందీ వ్రాతలో హ్రస్వమైన ఎకార ఒకారములు లేవు. ‘మెడ’ అని విని వ్రాసికొనినది వారము తరువాత చదువునప్పుడు ‘మేడ’ యగును. ‘కొడుకు’ ‘కోడుకు’ అగును. మెడపట్టి గెంటుమని అత్తగారు అనవలసిన చోట మేడపట్టి గెంటుమనినచో సభ గొల్లుమనును. రెండు నెలల శ్రమ ఆ నవ్వులో కలిసిపోవును. ఆ పిల్ల మరల వేదిక యెక్కునా, ఇంటిలోనైనను తెలుగు పలుకుటకు జంకునా అనునది ఆ ఒక్క నిమిషముమీద ఆధారపడవచ్చును.

అందువలన ఇచట మాటలందించువానికి పాతకాలపు ప్రాంప్టరుకు లేని పని యొకటి అదనముగా కలదు. మరచిన మాటను అందించుట మాత్రమే కాదు. రాబోవు మాటలోని హ్రస్వమును ముందుగానే మెల్లగా పలికి వినిపింపవలెను. చేతిలో టార్చిలైటు, ఎదుట రెండు ప్రతులు, ఒకటి తెలుగులిపిలో, ఒకటి నాగరిలో. పిల్ల వింగువైపు ఒక్క క్షణము కన్ను త్రిప్పును. అతడు పెదవులు కదల్చి ‘మెడ, మెడ’ అనును. ఆమె సభవైపు తిరుగును.